కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్: ఇంటికి ఏ సైజు సరిపోతుంది?

నట్లు విప్పే, బిగించే మిషన్ ఇంపాక్ట్ రెంచ్; కార్డ్‌లెస్ అంటే బ్యాటరీతో నడిచేది. దాన్ని కొనాలనుకున్న వాళ్లలో చాలామంది ముందుగా చూసేది టార్క్ అంకె, అంటే తిప్పే బలం. పెట్టె మీద వెయ్యి న్యూటన్ మీటర్లు అని ఉంటే, పక్కనున్న మూడు వందలది చిన్నబోతుంది. కానీ మహబూబ్‌నగర్‌లో ఇంటి ముందు కారు టైరు మార్చుకునే మనిషికి వెయ్యితో పని లేదు. ఆ మిషన్‌ను ఎత్తి పట్టుకోవడమే ఆయనకు పెద్ద పని అవుతుంది. అలాగని సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసే మిర్యాలగూడ రైతుకు స్కూటర్ రిపేరుకు సరిపోయే చిన్న మిషన్ అంటగడితే, ట్రాక్టర్ చక్రం దగ్గర అది చప్పుడు చేస్తూనే ఉంటుంది, నట్టు మాత్రం కదలదు. సైజు తేల్చాల్సింది మిషన్‌ను చూసి కాదు, మీ ఇంట్లో అన్నిటికన్నా మొండి నట్టును చూసి. దాన్ని కొలవడానికి పైసా ఖర్చు లేదు.

ముందు నట్టును కొలవండి

టార్క్ అంటే మీరు పెట్టే బలాన్ని, నట్టు నుంచి ఆ బలం పడే చోటికి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేది. మీ చక్రాల పానా పొడవు టేపుతో కొలవండి. 40 సెంటీమీటర్లు ఉందనుకుందాం. దాన్ని నేలకు సమాంతరంగా నట్టుకు తొడిగి, చివర 25 కిలోల బలంతో నొక్కితే నట్టు మీద పడేది సుమారు 100 న్యూటన్ మీటర్లు. 70 కిలోల మనిషి ఆ చివర మెల్లగా కాలు మోపి తన బరువంతా వేస్తే సుమారు 275. పానాకు ఇనుప గొట్టం తొడిగి మొత్తం పొడవు మీటరుకు తెచ్చి, అదే మనిషి చివరన బరువు వేస్తే దాదాపు 690.

ఈ పరీక్ష చేసేటప్పుడు చక్రం నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. జాకీ మీద ఉన్న బండికి ఎప్పుడూ చేయకూడదు. పానా మీదికి ఎగిరి దూకే అలవాటు ఉంటే మానుకోండి. లెక్క తప్పుతుంది, చీలమండ కూడా పోతుంది. కింది పట్టికలో టార్క్ న్యూటన్ మీటర్లలో ఉంది. అంగుళాల కొలత మిషన్ ముందున్న చదరపు ఇరుసుది, నట్టు మీద కూర్చునే సాకెట్‌ను దానికే తొడుగుతారు.

| నట్టు దేనికి కదిలింది | సుమారు టార్క్ | చూడాల్సిన మిషన్ |
|---|---|---|
| 40 సెం.మీ. పానా, చేతి బలం | 100–150 | 3/8 అంగుళం గట్టిది, లేదా అర అంగుళం చిన్నది |
| అదే పానా చివర నిలబడితే | 230–280 | అర అంగుళం, మధ్యస్థం |
| మీటరు గొట్టం మీద మనిషి బరువు | 500–700 | అర అంగుళం, పెద్దది |
| గొట్టానికీ లొంగలేదు | 700 పైన | ముప్పావు అంగుళం, లేదా మెకానిక్ |

కార్ల చక్రాల నట్లకు కంపెనీలు చెప్పే బిగువు ఎక్కువ మోడళ్లకు 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది. మీ బండికి ఎంతో యజమాని పుస్తకంలో ఉంటుంది. మరి మీ కారు నట్టు మనిషి నిలబడితే తప్ప ఎందుకు కదల్లేదు? హైవే పక్కన పంచరు షాపులో గాలి గన్నుతో చివరిసారి బిగించిన వాళ్లు పుస్తకం చూసి బిగించరు. దానికి తోడు రెండు వానాకాలాల తుప్పు. కాబట్టి కారు కోసం కొనే మిషన్‌కు కావాల్సింది 100 కాదు, 250–300 దాకా విప్పగల సత్తా.

అంకెల్లో ఏది నమ్మాలి

మిషన్ మీద టార్క్ రెండు రకాలుగా రాస్తారు: బిగించేటప్పుడు ఇచ్చేది ఒకటి, బిగిసిన నట్టును విప్పేటప్పుడు ఇచ్చేది ఇంకొకటి. రెండోది ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. బాష్ జీడీఎస్ 18వీ-400లో మొదటిది 400, రెండోది 600. మకీటా డీటీడబ్ల్యూ300లో 330, 580. ఇలా రెండూ విడివిడిగా చెప్పే కంపెనీని నమ్మవచ్చు. ఒకే పెద్ద అంకె రాసి అది దేనిదో చెప్పకపోతే, విప్పేదే అనుకోండి. అందులోనూ కొంత కోసుకోండి. ప్రయోగశాలలో వచ్చిన అంకె మీ వాకిట్లో పూర్తిగా రాదు. మీ నట్టు కొలత 275 వస్తే, విప్పే టార్క్ కనీసం 400 పైన ఉన్నది చూసుకోవడం మంచిది.

వోల్టుల మోసం దీనికన్నా పెద్దది. లిథియం అయాన్ సెల్ ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. నిండా చార్జ్ అయినప్పుడు 4.2. ఐదు సెల్‌లు వరుసగా కలిపితే సగటు లెక్కన 18, నిండు లెక్కన 21. ఒకరు 18 అన్నా, ఒకరు 20 అన్నా, ఇంకొకరు 21 అన్నా లోపల ఉన్నవి అవే ఐదు. ఇక 48వీఎఫ్, 88వీఎఫ్, 128వీఎఫ్ అని ముద్రించి అమ్మేవి ఉన్నాయి. నిజంగా 88 వోల్టులు కావాలంటే ఇరవైకి పైగా సెల్‌లు వరుసగా ఉండాలి. అరచేతిలో ఇమిడే ఆ బ్యాటరీ డబ్బాలో అన్ని పట్టవు. ఆ అంకె అలంకారమే, దానికి డబ్బు పెట్టకండి.

బ్యాటరీలో చూడాల్సింది ఆంపియర్ అవర్, అంటే అందులో ఎంత కరెంటు నిలవ ఉంటుందో చెప్పే అంకె. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ అంటే 72 వాట్ అవర్. ఇంటి వాడకానికి 4 చాలు. 2 ఆంపియర్ అవర్ బ్యాటరీ తేలికే, కానీ పెద్ద మిషన్‌కు తగిలిస్తే ఒక్కసారిగా కావాల్సినంత కరెంటు ఇవ్వలేక మిషన్ డీలా పడుతుంది. మంచి మిషన్ కొని చిన్న బ్యాటరీ పెట్టి, ఇది పనికిరాదని తిట్టుకునే వాళ్లు చాలామందే.

ఇంకో సంగతి తెలిస్తే సైజు ఎంపిక తేలికవుతుంది. ఇంపాక్ట్ రెంచ్ డ్రిల్లులాగా నేరుగా తిప్పదు. మోటారు ఒక సుత్తి ముక్కను తిప్పుతుంది. నట్టు అడ్డం తిరగ్గానే ఆ సుత్తి స్ప్రింగును నొక్కుతూ వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు వచ్చి సాకెట్ పట్టే ఇరుసును కొడుతుంది. నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు. అందుకే నట్టు మీద అంత బలం పడినా మీ మణికట్టు మెలిపడదు. అయితే ఆ దెబ్బ నట్టును చేరే దారిలో ఏది వంగినా, ఊగినా, వదులుగా ఉన్నా అక్కడే కొంత ఆవిరవుతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు, సైజు మార్చే అడాప్టరు, అరిగిన సాకెట్, ఒక్కొక్కటీ తమ వాటా తీసుకుంటాయి. చిన్న మిషన్‌కు అడాప్టర్లు తగిలించి పెద్ద పని చేయిద్దామనే ఆలోచన కుదరకపోవడానికి కారణం ఇదే.

పావు అంగుళం హెక్స్ (ఆరు మూలల పట్టు): ఇంపాక్ట్ డ్రైవర్

ఇది నిజానికి రెంచ్ కాదు. రేకుల షెడ్డుకు స్క్రూలు కొట్టడం, తలుపు బందులు, చెక్క పని దీని సొంతం. టార్క్ 150–180 దాకా రాస్తారు. ఇప్పటికే ఇంట్లో ఉంటే సాకెట్ అడాప్టరు కొని బైకు సైడ్ స్టాండు, క్రాష్ గార్డు బోల్టులకు వాడుకోండి. కారు చక్రం దగ్గరికి తీసుకెళ్లకండి, అడాప్టరు మెడ దగ్గర తెగుతుంది. రెంచ్ కోసం వెతుకుతున్నవాళ్లు దీనితో మొదలుపెట్టాల్సిన అవసరం లేదు.

3/8 అంగుళం: బైకులవాళ్లది

ఈ తరగతి బిగింపు టార్క్ సుమారు 100 నుంచి 250 దాకా. ఉదాహరణకు మకీటా డీటీడబ్ల్యూ180ది 180. బ్యాటరీతో కలిపి కిలో, కిలోన్నర బరువు. తల పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇంజను సందుల్లోకి పోతుంది. రెండు బైకులు, ఒక స్కూటరు ఉన్న ఇంటికి ఇది చేతికి ఇంపుగా ఉంటుంది.

ఇక్కడ ప్రమాదం బలం తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. 8.8 గ్రేడు (గట్టిదనం గుర్తు) ఎం8, అంటే 8 మి.మీ. మందం బోల్టుకు తట్టుకునే బిగువు సుమారు 25 న్యూటన్ మీటర్లు, ఎం6కు 10 మాత్రమే. ట్రిగ్గరు ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే బోల్టు మెడ తెగుతుంది. బైకు ఇంజనులో అల్యూమినియంలోకి దిగే బోల్టులు, ముఖ్యంగా ఆయిలు డ్రెయిన్ బోల్టు, ఎప్పుడూ చేతి పానాతోనే బిగించాలి. విప్పడానికి మిషన్, బిగించడానికి చెయ్యి అనే లెక్క 3/8కు బాగా కుదురుతుంది.

కారు కూడా ఉంటే? నట్లు మీరే చేత్తో బిగించుకునేవైతే గట్టి 3/8 విప్పగలదు. పంచరు షాపు బిగించినవైతే నమ్మకం లేదు.

అర అంగుళం, మధ్యస్థం: ఎక్కువ ఇళ్లకు సరిపోయేది

బిగింపు టార్క్ 250–450, బ్యాటరీతో బరువు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోలు. మకీటా డీటీడబ్ల్యూ285, ఇందాక చెప్పిన బాష్ 400, డీటీడబ్ల్యూ300 ఈ వరుసలోనివే. కారు ఉన్న ఇంటికి నా ఓటు దీనికే. అర అంగుళం సాకెట్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. నల్గొండ గడియారం సెంటరు చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల్లో 3/8 ఇంపాక్ట్ సాకెట్ అడిగితే సందేహంగా చూస్తారేమో కానీ, అర అంగుళం అడిగితే పెట్టె తీసి ముందు పెడతారు.

దీని విలువ పొలం ఉన్నవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. రోటవేటర్‌నే తీసుకోండి. 42 బ్లేడ్లున్న రోటవేటర్‌లో ఒక్కో బ్లేడుకు రెండు బోల్టులు, మొత్తం 84. ఇసుక కలిసిన ఎర్ర చల్కాలో దున్నిన తర్వాత బోల్టు తలల మూలలు అరిగి గుండ్రబడతాయి, నట్ల మీద మట్టి సిమెంటులా పట్టి ఉంటుంది. పానాతో అయితే ఒకరు తల పట్టుకుని ఒకరు నట్టు తిప్పుతూ పూట గడిచిపోతుంది. మధ్యస్థం అర అంగుళంతో పని వేగంగా సాగుతుంది. ముందు ఇనుప బ్రష్‌తో నట్టు మీది మట్టి గీకాలి, ఆరు మూలల లోతైన సాకెట్ పూర్తిగా కూర్చోవాలి, రెండో వైపు బోల్టు తలను రింగు పానాతో పట్టి ఉంచాలి. సాకెట్ సగం కూర్చున్నప్పుడు ట్రిగ్గరు నొక్కితే మిగిలిన మూలలు కూడా పోతాయి, ఆ తర్వాత గ్రైండరే గతి. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, రోటవేటర్ కింద గట్టి దిమ్మెలు పెట్టాకే చెయ్యి పెట్టాలి. హైడ్రాలిక్‌ను నమ్ముకుని కింద దూరకూడదు.

బోరు మోటారు బయటికి తీసేటప్పుడు కేసింగు మూతి దగ్గర వాడే క్లాంపుల బోల్టులకు కూడా ఈ సైజు చాలు. కాకపోతే ఆ క్లాంపు పట్టు జారితే మోటారు, పైపులు, కేబులు అన్నీ బోరులోకే. అక్కడ మిషన్‌తో దగ్గరికి తెచ్చి, ఆఖరి బిగువు చేతి పానాతో చూసుకోవాలి.

ఒక్క షరతు: వేగాలు మార్చుకునే బటను ఉన్నదే కొనండి. మూడు మెట్లలో చిన్నది ఉంటే ఎం10 బోల్టు దగ్గర కూడా ఇదే మిషన్ పనికొస్తుంది. ఒకే వేగం ఉన్న చవక రకంలో ట్రిగ్గరు మీద వేలి అదుపు తప్ప ఇంకో దిక్కు ఉండదు.

అర అంగుళం, పెద్దది: ట్రాక్టర్ ఉంటేనే

700 నుంచి వెయ్యి, ఆ పైన. మకీటా డీటీడబ్ల్యూ1002, బాష్ జీడీఎస్ 18వీ-1000 రెండూ బిగింపుకు 1,000 ఇస్తాయి. బ్యాటరీతో మూడు నుంచి మూడున్నర కిలోల బరువు, తల పొడవు కూడా ఎక్కువ. ట్రాక్టర్ వెనుక చక్రాల బోల్టులు, ఏటా రెండు పంటలకు కేజ్ వీల్స్ (దమ్ముకు వాడే ఇనుప చక్రాలు) ఎక్కించి దించే పని, ఏళ్ల తరబడి కదలని కల్టివేటర్ బోల్టులు దీనికి తగిన పనులు. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కకూడదు కాబట్టి పొలం గట్టు మీదే మార్చుకోవాలి. అక్కడ కరెంటు ప్లగ్గు ఉండదు, కంప్రెసర్ ఉండదు. బ్యాటరీ మిషన్ కొనడానికి ఇంతకన్నా న్యాయమైన కారణం నాకు కనిపించదు.

కారుకు ఇదే కొంటే? విప్పడం కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. బిగించడమే ఇబ్బంది. కారు చక్రం నట్టు ఎక్కే ఎం12 స్టడ్డుకు తట్టుకునే బిగువు ఎనభై తొంభై, మహా అయితే వంద పైచిలుకు. ఈ మిషన్ కొన్ని దెబ్బల్లోనే దాన్ని దాటేస్తుంది. స్టడ్డు సాగుతుంది, డిస్కు బ్రేకు ప్లేటు ఒరిగి బ్రేకు వేసినప్పుడు స్టీరింగు అదురుతుంది, అల్లాయ్ చక్రం నట్టు కూర్చునే గుంట నలుగుతుంది. నట్టు బిగిసిందో లేదో చెప్పే తెలివి దీనికి లేదు. తనంతట తానే ఆగేలా కంపెనీలు ఇచ్చే ఆటో స్టాప్ మోడు సాయం చేస్తుంది కానీ, ఎంత బిగువు పడిందో చూపే చేతి పానాకు, అంటే టార్క్ రెంచ్‌కు, అది బదులు కాదు.

ముప్పావు అంగుళం

లారీ చక్రాల నట్లను 500–600 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. టిప్పరు, లారీ, హార్వెస్టరు సొంతంగా నడిపేవాళ్లకు ముప్పావు అంగుళం. సాకెట్లే ఒక్కొక్కటి బరువు, ధర కూడా దానికి తగ్గట్టే. ఇంటి వాడకం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ఎవరికి ఏది

| మీ ఇంట్లో ఉన్నవి | నా సలహా | మీరు వదులుకునేది |
|---|---|---|
| బైకులు మాత్రమే | 3/8 అంగుళం | మొండి కారు నట్లు |
| కారు, ఒకటి రెండు బైకులు | అర అంగుళం మధ్యస్థం, వేగాల బటనుతో | ఇరుకు సందుల్లో సౌలభ్యం |
| కారు, బోరు, రోటవేటర్, అద్దె ట్రాక్టర్ | అర అంగుళం మధ్యస్థం, రెండు బ్యాటరీలు | ట్రాక్టర్ వెనుక చక్రం |
| సొంత ట్రాక్టర్, కేజ్ వీల్స్ | అర అంగుళం పెద్దది | చిన్న బోల్టుల మీద అదుపు, తేలికదనం |

ఆఖరి వరుసలోని వాళ్లకు కారు కూడా ఉంటుంది కదా. పెద్ద మిషన్ ఒకటే కొని, కారు నట్లకు విప్పడం దానితో, బిగించడం చేత్తో అని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పగలిగితే సరే. కుర్రాళ్లు చేతిలోకి తీసుకునే ఇల్లు అయితే, అదే కంపెనీ బ్యాటరీకి సరిపోయే చిన్న 3/8 కూడా తర్వాత చేర్చుకోవడం మేలు. మిషన్ ఒక్కటే, బ్యాటరీ లేకుండా కొంటే చాలా చవకగా వస్తుంది. ఈ లెక్కన మొదటిసారి మీరు ఎంచుకునేది మిషన్‌ను కాదు, బ్యాటరీల కుటుంబాన్ని. ఇంట్లో ఇప్పటికే ఏదైనా కంపెనీ డ్రిల్లు, గ్రైండరు ఉంటే ముందు దాని బ్యాటరీకి ఏ రెంచ్ సరిపోతుందో చూడండి.

ఏడాదికి ఒకటి రెండు సార్లు స్టెప్నీ మార్చడమే మీ అవసరమైతే అసలు మిషన్ వద్దు. 60 సెంటీమీటర్ల బ్రేకర్ బారు (సాకెట్ తొడిగే పొడవాటి పిడి), సరైన సాకెట్, ఒక టార్క్ రెంచ్ చాలు. 70 కిలోల బరువు దాని చివర 400 న్యూటన్ మీటర్లు దాటిస్తుంది, అదీ చార్జింగ్ లేకుండా. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి అడవిలో టైరు దిగినప్పుడు అది నమ్మకంగా పనిచేస్తుంది. డిక్కీలో ఆరు నెలలు పడి ఉన్న బ్యాటరీ గురించి ఆ మాట అనలేం.

ఎండలు, డిక్కీ, బ్యాటరీ

మన వైపు వేసవిలో నీడలోనే 43, 44 డిగ్రీలు మామూలు. ఎండలో ఆపిన కారు లోపల అంతకన్నా చాలా ఎక్కువ. లిథియం బ్యాటరీలను 50 డిగ్రీలు దాటే చోట ఉంచవద్దని కంపెనీలు స్పష్టంగా రాస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మిషన్ కారులో ఉన్నా బ్యాటరీ ఇంట్లోనే ఉండాలి. చార్జింగ్‌కు కూడా 40 డిగ్రీల లోపు వాతావరణం మంచిది, కాబట్టి రేకుల షెడ్డులో మధ్యాహ్నం పెట్టకుండా తెల్లవారుజామునో రాత్రో పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌లో ఉంచి తీసి పెట్టడం దాని ఆయుష్షుకు మంచిది.

కొట్టు దగ్గర

పేరులేని చవక రకం నాలుగైదు వేలకు దొరుకుతుంది. పేరున్నది బ్యాటరీ, చార్జరుతో కలిపి పదిహేను వేలు పైమాటే. చవకదాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కారు ఒకటే ఉండి, ఎప్పుడో ఒకసారి తీసేవాళ్లకు అది నెట్టుకొస్తుంది. కానీ బ్యాటరీ పోయిన రోజు అదే ఆకారం బ్యాటరీ దొరుకుతుందా అనేది ముందే అడగండి. దుకాణదారు తడుముకుంటే ధర ఎంతైనా వద్దు. పేరున్నదైతే వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి. సర్వీసుకు ఎక్కడికి పంపుతారు, హైదరాబాద్ పంపితే రానూపోనూ ఖర్చు ఎవరిది అని తేల్చుకోండి.

మిషన్‌తో పాటు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు తప్పనిసరి. తళతళలాడే క్రోము సాకెట్లు చేతి పానాకు చేసినవి. ఈ దెబ్బలకు అవి పగిలి ముక్కలు కంట్లోకి ఎగరవచ్చు, కాబట్టి కళ్లద్దాలు కూడా తీసుకోండి. మారుతి చక్రాలకు 19, హ్యుందాయ్‌కి 21 మి.మీ. సాకెట్ సాధారణం. అల్లాయ్ చక్రాలుంటే పైన ప్లాస్టిక్ తొడుగున్న పలుచటి గోడ సాకెట్ అడగండి, లేకపోతే గుంట అంచు గీతలు పడుతుంది. ఇరుసు మీద సాకెట్‌ను పట్టి ఉంచేందుకు కొన్ని మిషన్లకు రింగు, కొన్నింటికి చిన్న పిన్ను ఉంటాయి. పిన్ను రకంలో సాకెట్ జారిపడదు కానీ ప్రతిసారీ పిన్ను నొక్కి తీయాలి. సాకెట్లు తరచూ మార్చే ఇంటి పనికి రింగు రకమే సుఖం.